ఐదు లీటర్ల చెరువు

ఉదయం పదకొండు దాటితే నా కంప్యూటర్ ఆగిపోయేది. హెచ్చరిక ఏమీ ఉండేది కాదు. గీస్తున్న గీత సగంలో ఉండగానే తెర నల్లబడేది. మే నెల, రేకుల షెడ్డు, చుట్టూ గ్రైండింగ్ ధూళి. లోపలి ఫ్యాను ఆ ఇనుప ధూళిని పీల్చి పీల్చి వారం తిరక్కుండానే గొంతు పూడ్చుకునేది. మూత విప్పి, కుంచెతో దులిపి మళ్ళీ వెలిగిస్తే ఇంకో అరగంట నడిచేది. అంతే. షెడ్డు తెరిచేది ఏడింటికి, తాళం పడేది ఆరింటికి. అంటే రోజు మొత్తంలో నాకు దక్కేది నాలుగు గంటలు.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన మూడో వేసవో, నాలుగోదో. పటాన్‌చెరు నుంచి కాజీపల్లి వైపు పోయే దారిలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉండేది. మందుల ఫ్యాక్టరీలకు కావలసిన స్టీలు ట్యాంకులు అక్కడ తయారయ్యేవి. అందులో ఒక మూలకు ప్లైవుడ్ అడ్డం పెట్టుకొని ఆ ట్యాంకుల డ్రాయింగులు నేను గీసేవాణ్ణి. మా వంశంలో సొంత చేతి పనితో బతికిన మొదటి మనిషిని నేను. ఈ మాట సిగ్గుతో చెప్పడం లేదు. అప్పుడూ సిగ్గుపడలేదు.

షెడ్డు యజమాని ఎవరో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా తాత కాలంలో ఊరి చెరువు మా మాట మీద నడిచేది. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి పొలానికి ఎన్ని ఘడియలు పారించాలో మా ఇంటి అరుగు మీద తేలేది. తాత వేలు చూపిస్తే నీళ్ళలో మునిగి తూము తీసే నీరటి మనిషి ఒకాయన ఉండేవాడు. తర్వాత మా భూములు కోర్టు మెట్ల మీద కొన్ని, ఎవరికీ తీసిపోకూడదని చేసిన ఆడంబరాల మీద కొన్ని కరిగిపోయాయి. ఆ నీరటి కొడుకు మాత్రం వెల్డింగ్ నేర్చుకొని పటాన్‌చెరు వచ్చి, పదిహేనేళ్ళలో ఈ షెడ్డు కట్టాడు. ఆయన షెడ్డులో నేను కిరాయికి ఉన్నాను.

ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను దొరా అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో, ఎకసెక్కెం ఎంతో నాకు ఏనాడూ తేలలేదు. నేను ఇస్త్రీ చొక్కా లేకుండా ఆ గేటు దాటేవాణ్ణి కాదు. ఆయన తెప్పించే చాయ్ తాగేవాణ్ణి కాదు, నాది ఫ్లాస్కులో ఇంటి నుంచి వచ్చేది. కూర్చునే కుర్చీ కూడా నాదే. టేకుది, వీపు నిటారుగా ఉండేది.

ఒక సోమవారం ఆయన వచ్చి ప్లైవుడ్ మీద తట్టాడు.

"దొరా, గుమ్మడిదల కంపెనీ ఇంజనీరు శనివారం పగటీలికి వస్తడట. పదకొండు డ్రాయింగులు చేతుల పెట్టాలె. అయితయా?"

"అయితయి."

"మిషిను పండుకుంటున్నది గద రోజూ."

"లేపుత."

ఆయన గొంతు తగ్గించాడు. "లేవకపోతే బాలానగర్‌ల గీయించుకుంట, మీరేం అనుకోవద్దు. ఆర్డరు పోతే ఇరవై మంది పని పోతది. ఇగ గా మిషిను పక్కకు పెట్టి మా స్టోర్ల కూసోండ్రి. ఫ్యాను కింద కుర్సీ ఏయిస్త. నట్లు, బోల్టులు ఎవలు ఎన్ని తీస్కపోయిన్రో రాస్కుంట నీడపట్టున ఉండొచ్చు."

వెక్కిరించి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. మా తాత ఆయన తండ్రికి గింజలు కొలిపించినట్టు ఆయన నాకు నీడ కొలిపిస్తున్నాడు. శనివారం మధ్యాహ్నానికి పదకొండు డ్రాయింగులు, లేదా ఆ కుర్చీ. నా ముందు ఉన్నది అదే.

అప్పటికే రెండు వారాలుగా నేను ఒక ఏర్పాటు చేసుకుంటున్నాను. ధూళిలో ఫ్యాను బతకదు కాబట్టి కంప్యూటర్ డబ్బా మూసేసి, లోపలి వేడిని నీళ్ళతో బయటికి మోయించాలి. పటాన్‌చెరు నెట్ సెంటరులో దీని గురించి నాలుగు పేజీలు అచ్చు వేయించుకున్నాను. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి దిమ్మ లేతు మీద చేయించాను. దాని కడుపులో నీళ్ళు తిరిగే గాడి ఉంటుంది. పాత జనరేటర్‌లోంచి తీసిన చిన్న రాగి రేడియేటర్‌ను కిటికీ బయట, షెడ్డు నీడవైపు బిగించాను. పంపు మామూలు కూలర్ పంపు, నీళ్ళలో మునిగి పనిచేసేది. నీళ్ళు బోరువి కాదు. మా బోరు నీళ్ళు గిన్నెలో కాగితేనే అడుగున తెల్లగా పొర కడతాయి. పెట్రోలు బంకులో బ్యాటరీలకు అమ్మే నీళ్ళ క్యాన్లు తెచ్చాను.

మిగిలింది రిజర్వాయర్. పంపు మునిగి ఉండడానికి, నీళ్ళు నిలవ ఉండడానికి ఒక పాత్ర. నాలుగు పేజీల్లో దాని గురించి ఉన్నది నాలుగు వాక్యాలే. అవి రాసినవాళ్ళ దేశాల్లో దుకాణానికి పోతే గాజు గొట్టం ఇస్తారు, కథ అయిపోతుంది. నేను మాత్రం అదే అన్నిటికంటే చిన్న పని అనుకొని చివరికి ఉంచుకున్నాను.

పచ్చడి జాడీ చూశాను. నీళ్ళు ఎంత దిగాయో బయటికి కనబడదు. పెద్ద గాజుసీసా చూశాను. పంపు మూతిలోంచి దిగదు. బకెట్టు పెడితే షెడ్డు ధూళి అంతా అందులోనే. కాబట్టి మూత ఉండాలి, మూతి వెడల్పుగా ఉండాలి, నీటి మట్టం బయటికి కనబడాలి, కడగడానికి చెయ్యి దూరాలి. ఇన్ని షరతులు కాగితం మీద రాసుకొని కూర్చున్న నన్ను చూసి ఆయన నవ్వాడు.

"ఇరవై వేల లీటర్ల ట్యాంకు గీసేటోళ్లు గీ ఐదు లీటర్లకు గింత పరేషాన్ అయితరా? పొద్దుగూకే వరకు స్టీలుది చేసిస్త. అద్దం లెక్క పాలిష్ కొట్టిచ్చి ఇస్త."

"వద్దు. కూలర్ పంపు షాక్ కొడతది. స్టీలైతే పట్టుకున్నోడు పోతడు."

"ఎర్తింగ్ ఇస్త గద."

"వద్దు. నా సామాను నేనే తెచ్చుకుంట."

షాకు సంగతి నిజమే. ఆ పంపుల సంగతి ఎరిగిన వాళ్ళెవరూ కాదనరు. కానీ నేను వద్దన్నది అందుకు కాదు.

మంగళవారం పొద్దున కాజీపల్లి దారిలో పాత డబ్బాలు అమ్మే ఆమె దగ్గరికి వెళ్ళాను. టార్పాలిన్ కింద మంచం, చుట్టూ వందల కొద్దీ డ్రమ్ములు, క్యాన్లు. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఖాళీ డబ్బాలే ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ నీళ్ళ పాత్రలు. అన్నీ అందుకు పనికి రావు కదా. అందుకని ఆమె రెండు వరుసలు పెట్టింది. ఒకటి ఇంటి వరుస, రెండోది పని వరుస. పని వరుస డబ్బాలు సిమెంటు పనికి, రంగుల పనికి. ఇంటి వరుస డబ్బాలను కూడా ఎవరూ ఊరికే కొనరు. కడిగి, మూత బిగించి ఎండలో పెట్టి ఉంచుతారు. కొనేవాళ్ళు మూత తీసి లోపలికి మొహం పెట్టి వాసన చూస్తారు. నేను వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళు నడుములు వంచి, చెరో డ్రమ్ములో తలలు పెట్టి ఉన్నారు.

"దేనికి సారూ?" అంది ఆమె.

"నీళ్లకు."

"తాగేటియా, కడిగేటియా?"

"రెండూ కాదు. మిషినుకు."

"మిషినేమన్న బర్రెనా సారూ, నీళ్లు తాపనీకె?"

డ్రమ్ముల్లోంచి రెండు నవ్వులు వినిపించాయి. నేను వరుసల వెంట నడిచాను. పని వరుసలో కనబడింది. పాలరంగు మందపాటి ప్లాస్టిక్, వెడల్పు మూతి, ఎత్తు పొడుగునా లీటర్ల గీతలు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి కొలిచాను. మూతి, లోతు, గోడ మందం, అన్నీ నా కాగితం మీద రాసుకున్నట్టే ఉన్నాయి.

"గది పని వరుసల డబ్బ. నీళ్లకియ్య."

"తాగేది నేను కాదు."

"మిషినుది మాత్రం పానం కాదా? సరే తియ్యి, జెర మొకం పెట్టి సూడు ముందు. లోపల ఏముండెనో అదే చెప్తది."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. మా ఊరి బస్సు కూడా ఆ దారినే పోతుంది. తెల్ల చొక్కాతో, నడుం వంచి, డబ్బాలో మొహం పెట్టి నిలబడాలి. వేలితో తట్టి చూశాను. గట్టిగా మోగింది.

"బాగనే ఉన్నది," అన్నాను.

ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "మీ ఇష్టం సారూ," అంది.

మూడుసార్లు కడిగి, సాయంత్రానికి బిగించాను. బుధవారం పదకొండు దాటింది, పన్నెండు దాటింది. తెర నల్లబడలేదు. రెండింటికి బయట కాకులు కూడా అరవడం మానేసిన వేళ నేను నాలుగో డ్రాయింగు కొలతలు వేస్తున్నాను. ఆయన వచ్చి డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"గోరువెచ్చగున్నయి. దొరా, ఇంత సబ్బు పొడి ఏస్తే షర్టులు గుడ దీంట్లనే ఉతుక్కోవచ్చు గద!"

నేను నవ్వలేదు. కానీ ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. గురువారం మధ్యాహ్నానికి ఏడు డ్రాయింగులు పూర్తయ్యాయి.

ఎనిమిదోది మొదలుపెట్టిన కాసేపటికి వాసన వచ్చింది. రంగు డబ్బా మూత తీసినట్టు. షెడ్డులో ఎవరో పెయింట్ వేస్తున్నారనుకున్నాను. తర్వాత పంపు రొద మారింది. డబ్బా వైపు చూస్తే తిరిగి వచ్చే నీళ్ళు ధార కాదు, చుక్కలు. స్విచ్ కట్టేశాను. పైపు పట్టుకుంటే ఉడికిన పొట్లకాయలా చేతిలో మెత్తగా వంగింది. పంపు విప్పితే లోపల నీళ్ళను తోసే చిన్న ప్లాస్టిక్ చక్రం ఉబ్బి గోడకు పట్టుకుపోయి ఉంది. నేను మూడుసార్లు కడిగింది డబ్బా పైపొరనే. ప్లాస్టిక్ గోడ తాగి దాచుకున్నదాన్ని రెండు రోజుల వెచ్చటి నీళ్ళు బయటికి లాగాయి.

ఆయన గడపలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు. "టాలిన్ వాసన, రంగులల్ల కలిపే మందు. ఇది ఏ వరుస డబ్బ దొరా?"

ఆ రెండు వరుసల సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు.

"పని వరుసది."

"మొకం పెట్టి సూడలేదా?"

ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. "బాలానగరోనికి ఫోన్ కొట్టమంటరా?" అని మాత్రం అడిగాడు.

"శనివారం పగటీలి వరకు నాకు టైమున్నది. అప్పటిదాంక కొట్టకు."

ఆయన వెళ్ళాక ప్లైవుడ్ సందులోంచి స్టోరు కనబడింది. ఫ్యాను కింద కుర్చీ అప్పటికే వేయించి ఉంది. కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత జాగ్రత్తగా మా తాత ఎవరికైనా కుర్చీ వేయించాడా అని కూడా ఆలోచించాను. అయినా నేను అందులో కూర్చోను.

శుక్రవారం పొద్దున, ఆమె ఇంకా టార్పాలిన్ తాళ్ళు కడుతుండగానే అక్కడ ఉన్నాను.

"ఏమైంది సారూ, బర్రె తాగలేదా?"

"సచ్చిపోయింది. ఇంటి వరుసల ఐదు లీటర్లయి చూపించు."

ఆమె చెయ్యి చూపించింది. ముందురోజంతా ఎండలో ఉన్నవి ఏడో ఎనిమిదో ఉన్నాయి. స్కేలు జేబులోనే ఉంచాను. మొదటి డబ్బా మూత తీసి, నడుం వంచి, మొహం లోపల పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోదానిలో సబ్బు. మూడోదానిలో ఏదో పుల్లటి ఘాటు. వెనక ఎవరో ఆడమనిషి, "ఏందమ్మ, పెండ్లి సంబంధం సూస్తున్నడా ఏంది గంతసేపు?" అంది. చుట్టూ నవ్వులు. డబ్బాలో మొహం ఉంది కాబట్టి నేను నవ్వింది వాళ్ళకు కనబడలేదు.

ఐదోదానిలో ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన ఒక్కటే ఉంది. దాని వెనక లీలగా తీపి.

"అది దగ్గు మందుల కంపెనీది. పాకం వస్తది అండ్ల," అంది ఆమె. "ఇంకోపాలి పెట్టు. కండ్లు మూసుకొని పెట్టు."

కళ్ళు మూసుకొని పెట్టాను. తీపి కూడా పోయింది.

"ఇది తీసుకుంట."

"ఇప్పుడు తీస్కపో," అంది. మొన్న మీ ఇష్టం అన్న గొంతు కాదు అది.

కొత్త పంపు, కొత్త పైపు తెచ్చి పదకొండుకల్లా బిగించాను. కానీ ఈ డబ్బా మూతి ఇరుకు. పంపును వాలుగా దించాల్సి వచ్చింది. తిరిగి వచ్చే పైపు సరిగ్గా దాని పక్కనే పడింది. వెలిగించగానే డబ్బా గుడగుడమంది. నీళ్ళతోపాటు బుడగలు పంపులోకి, పంపులోంచి రాగి దిమ్మలోకి. తెర మీద వేడి అంకె నిమిషానికి ఒకటి చొప్పున ఎక్కుతోంది. పైపు అటు తిప్పాను, ఇటు తిప్పాను. గుడగుడ తగ్గలేదు. ఇంకా నాలుగు డ్రాయింగులున్నాయి.

ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు. అడగందే ఆయన చెప్పడని నాకు తెలుసు. నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆయనకు ఆ అలవాటు లేదు. పొద్దున నడుం ఒకసారి వంగిందిగా, ఇది అంత కష్టం కాలేదు.

"ఎందుకు పొంగుతున్నది? జెర చూడు," అన్నాను.

ఆయన లోపలికి వచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. తల పక్కకు వాల్చి నీళ్ళను ఓరగా చూశాడు. వాళ్ళ నాన్న చెరువు కట్ట మీద అలాగే చూసేవాడు. చిన్నప్పుడు చూసిన నాకు అది గుర్తుంది.

"కాలువ తెచ్చి తూము నోట్లనే పెట్టిన్రు దొరా. మా నాయిన ఉంటే తిట్టేటోడు. నీళ్లు వచ్చినంక జెరసేపు నిలవాలె, నురుగు పోవాలె, గప్పుడు తూముల పడాలె. నడుమ ఒక కట్ట ఎయ్యాలె దీనికి."

పాత డబ్బాను లాగి, దాని గోడలోంచి ముక్క కోయడానికి కత్తి తీశాడు.

"దాంట్లకెల్లి వద్దు," అన్నాను గబుక్కున.

ఆయన నన్ను చూసి కత్తి ఆపాడు. "అవు. మరిసిపోయిన."

నేను డెస్కు సొరుగు లాగాను. బల్ల మీద చేత్తో డ్రాయింగులు గీసే రోజుల్లో వాడిన పెద్ద సెట్ స్క్వేర్ ఉంది. పారదర్శకమైన మందపాటి ప్లాస్టిక్. దాంతోనే నేను ఈ పని నేర్చుకున్నాను. కొలతలు గీసి ఆయన చేతికిచ్చాను. ఆయన కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, డబ్బా పైన చీలిక కోసి అందులోంచి మధ్యలో దించాడు. నేను దాని పైఅంచు నీటి మట్టానికి సమంగా ఉండేలా లాగబోయాను.

"ఆగుండ్రి. నీళ్ల కింద రెండు వేళ్లంత మునిగుండాలె. పైకుంటే మల్ల చెరువు అలుగు దుంకినట్టు దుంకుతది, మల్ల నురుగొస్తది."

రెండు వేళ్ళు పెట్టి కొలిచి చూపించాడు. వెలిగించాం. వచ్చిన నీళ్ళు ఆ పక్కన తిరిగి, బుడగలు పైకి తేలి పగిలి, శుభ్రమైన నీళ్ళు కట్ట మీదుగా చప్పుడు లేకుండా ఇవతలికి జారాయి. గుడగుడ ఆగిపోయింది. వేడి అంకె ఎక్కిన మెట్లన్నీ దిగింది. ఇద్దరం చాలాసేపు ఆ ఐదు లీటర్ల నీళ్ళనే చూశాం.

సాయంత్రానికి పది పూర్తయ్యాయి. పదకొండోది శనివారం పొద్దున మొదలుపెట్టాను. అది అన్నిట్లోకీ పెద్ద ట్యాంకు. ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన కాగితంలో తిరిగి వచ్చే పైపు, పంపుకు పోయే పైపు పక్కపక్కనే ఉన్నాయి. వారం క్రితమైతే ఇచ్చినట్టే గీసేవాణ్ణి. ఇప్పుడు ఆ రెండింటినీ చూస్తుంటే చెవిలో గుడగుడ వినబడింది. ఇచ్చింది ఇచ్చినట్టే గీశాను. పక్కన ఇంకో కాగితం మీద, పైపును అవతలి పక్కకు మార్చి, మధ్యలో ఒక అడ్డుగోడతో మరోటి గీశాను. గోడ పైఅంచు నీటి మట్టానికి కింద ఉండేలా కొలత వేశాను.

ఇంజనీరు పన్నెండింటికి వచ్చాడు. పదకొండు డ్రాయింగులు ఒక్కొక్కటే చూసి పన్నెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేంది? మేం అడగలేదు కదా?"

"మీరిచ్చినట్టు కడితే పంపు గాలి పీలుస్తది," అన్నాను. "చూడండి." డబ్బా దగ్గరికి తీసుకుపోయి అడ్డుగోడను పైకి ఎత్తాను. గుడగుడ మొదలైంది. దించాను. ఆగింది.

ఇంజనీరు ఇంకోసారి ఎత్తి దించమన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "పాత ట్యాంకుతో రెండేళ్ళ నుంచి ఇదే గొడవ. పంపు తప్పనుకొని మూడు మార్చాం. ఎవరికొచ్చింది ఈ ఆలోచన?"

షెడ్డు యజమాని నా వైపు చెయ్యి చూపించాడు. "మా దొరకే. ఆయన బుర్రనే గట్లుంటది."

ఊరుకుంటే సరిపోయేది. ఇన్ని తరాలుగా మా ఇంట్లో చేసింది అదే. నీళ్ళలో మునిగింది ఒకరు, చెరువు మీద పేరు ఇంకొకరిది.

"నాది కాదు," అన్నాను. "ఈయన నాయిన చెప్పింది. మా ఊరి చెరువుకు నీరటి ఆయన. తూము సంగతి మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. ఆయనకే తెలుసు."

ఇంజనీరు తలాడించి, ఆ కాగితం మడిచి పదకొండింటితో కలిపి పెట్టుకున్నాడు. షెడ్డు యజమాని మాత్రం కదలకుండా నిలబడ్డాడు. చేతిలో ఉన్న నూనె గుడ్డతో వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, అవి అప్పటికే శుభ్రంగా ఉన్నా.

సోమవారం నేను వచ్చేసరికి స్టోరులో ఫ్యాను కింద కుర్చీ లేదు. ప్లాస్టిక్ కవరు చింపేసి, నా ప్లైవుడ్ మూలలో, టేకు కుర్చీ పక్కన వేసి ఉంది. ఆయన అందులో కూర్చొని, డబ్బాలో నీళ్ళు చూస్తూ రెండు చాయ్‌లు చెప్పాడు. నా ఫ్లాస్కు సంచీలోనే ఉండిపోయింది.